అల పెద్దదయ్యేదాకా

మా పక్కింటి అత్త మొన్న సోమవారం పొద్దున్న పోయింది. ఈ హిందీ ఊళ్లో, బారిడీహ్ పేటలో, మా వీధి తెలుగువాళ్లందరికీ ఆమె సిస్టరమ్మ, నాకు అత్త. నిండుగా బతికింది, నిద్రలోనే వెళ్లిపోయింది. ఏడ్చాను. కానీ ఆమె కబుర్లు ఎవరు మొదలుపెట్టినా చివరికి నవ్వే వస్తోంది.

ముప్పై ఏళ్లు ఆసుపత్రి ఎమర్జెన్సీలో నర్సు. రిటైరైనా చెయ్యి ఊరుకునేది కాదు. ప్రసాదం పెడుతూ మణికట్టు పట్టుకుని నాడి చూసేసేది. పెళ్లికి వెళ్తే ముసలివాళ్ల పక్కనే విస్తరి వేయించుకునేది. "తిండి మీద ధ్యాస పెట్టత్తా" అంటే, "నోటితో తింతన్నాను కదరా, కళ్లు ఖాళీయే కదా!" అనేది.

ఆమె రిటైరవడానికి ముందు ఏడాది, గుండెల్లో నొప్పంటున్న నాన్నను ఆసుపత్రికి తీసుకెళ్లాను. మంచం ఎక్కిస్తుండగానే కూలిపోయాడు. గుండె ఆగింది. అక్కడ కుర్ర డాక్టరు, అత్త, ఇద్దరే. వెంటనే షాక్ ఇచ్చారు. ఫలితం లేదు. అత్త ఛాతీ నొక్కుతూ, ఒక్క క్షణం ఆగి మానిటర్ తెర చూసింది. గీత సన్నగా వణుకుతోంది.

నేను కార్ఖానాలో ఎలక్ట్రీషియన్‌ని. నాకు తెలిసిందల్లా కరెంటే. తలుపు దగ్గర్నుంచి అరిచాను: "మళ్లీ కరెంటియ్యండత్తా! ఏటి చూత్తన్నారు?"

"మోటారు కాదొరే, మీ నాన్న గుండె. అల సన్నంగా ఉంది, ఇప్పుడు కొడితే వినదు. ముందు దానికి రగతం అందాల. రా, నువ్వూ నొక్కు." డాక్టరు వైపు తిరిగి, "సర్, దో మినట్" అంది. ఆయన తలూపాడు.

నొక్కాను. చేతికింద పక్కటెముక పుటుక్కుమంది. భయంతో చెయ్యి తీసేశాను.

"ఎముక అతుక్కుంటాది. నొక్కు!"

ఆమె లెక్కపెడుతోంది, నేను నొక్కుతున్నాను. మళ్లీ ఆగి చూస్తే, గీతలో అలలు పెద్దవయ్యాయి. నాకే తెలిసిపోయింది. "అబ్, సర్" అంది, ఇప్పుడు కొట్టమని. షాక్ ఇచ్చారు. గీత ఒక్కసారి నిలిచి, తర్వాత వరసగా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"అన్నియ్యా, ఇనపడతందా?" అంది అత్త, నాన్న చెవి దగ్గర. తర్వాత నా మీద పడింది: "ఇంకోసారి ఇక్కడ అరిత్తే షాకు నీకే!"

ఇప్పుడు కొన్ని కొత్త యంత్రాలు ఆ అలను తామే లెక్కగట్టి, షాక్ ఎప్పుడు పనిచేస్తుందో చెబుతాయట. పిల్ల నర్సులు అత్తను పిలిచి మరీ చూపించారు. ఉక్రోషపడుతుందేమో అనుకున్నాను. మొహం వెలిగిపోతూ వచ్చింది. "నాకు ముప్పై ఏళ్లు పట్టింది, దానికి రెండు సెకన్లట! మంచిదే. నొక్కడానికి మాత్రం మనిసి కావాల." ఆదివారాలు మేడ మీద పిల్లలచేత గట్టి దిండు నొక్కించేది. వాళ్లు అలిసిపోయి "థక్ గయే, నానీ" అంటే, "పక్కోడికియ్యి, ఆపకు" అనేది.

సువర్ణరేఖ నది ఒడ్డుకు తీసుకెళ్తామని పాడె లేపుతుంటే, నాన్న వచ్చి ముందు కొమ్ముకి భుజం పెట్టాడు. వద్దన్నాను.

"అన్నియ్యా అని పిలిసింది. సెల్లిని నాను మొయ్యకపోతే ఎవులు మోత్తారు?"

వెనక నడిచాను. రేవుదాకా ప్రతి అడుక్కీ, చెమటకి తడిసిన చొక్కా కింద నాన్న వీపు ఊపిరితో లేచి పడుతూనే ఉంది.