తాతయ్య బండికి చిన్న కార్బురేటరు

ఇది ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు రేకుల షెడ్డులోకి వెళ్లి, తాతయ్య పాత మోటారుసైకిలు ఎక్కి కూర్చునేదాన్ని. తాతయ్య పోయినప్పటి నుంచీ ఆ ఇంజను పలకలేదు. అయినా క్లచ్ నొక్కి, గేరు మార్చి, లేని మలుపుల దగ్గర కాస్త ఒరిగేదాన్ని. ఎవరైనా వస్తే చదువుకుంటున్నానని చెప్పడానికి ఒళ్లో ఏదో ఒక నవల ఉండేది.

కిందటేడు నాన్న ఆ షెడ్డు ఖాళీ చేయాలన్నారు. మిరపకాయలు కుక్కిన టిక్కీ బస్తాలు పేర్చడానికి చోటు కావాలి. "మన కాయ కళ్లం నుంచి వచ్చేలోగా బండి తనంతట తాను బయటికి రావాల. లేదంటే పాత ఇనుముకి వేసేస్తా."

ఆ బండి నాకు కావాలని అడగలేకపోయాను. "ఒకసారి మెకానిక్కుకి చూపిద్దాం నాన్నా" అని మాత్రం అన్నాను.

ట్రాలీ ఆటోలో ఎక్కించి సత్తెనపల్లి తీసుకెళ్లాం. ఆ మెకానిక్కు తాతయ్య కాలం నుంచీ తెలిసినాయన. ఇంజను బాగానే ఉందనీ, పెట్రోలులో గాలి కలిపే కార్బురేటరే లోపల అరిగిపోయిందనీ చెప్పి, బల్ల మీద రెండు పెట్టారు. ఒకటి కొత్త రకం బండిది, నోరు పెద్దది. రెండోది మా బండికి ముందున్న సైజుదే.

"పెద్దదే బిగించు భాయ్. బండి దూకాల" అన్నారు నాన్న.

"దూకుద్ది. తర్వాత పెట్రోలు తాగుద్ది. నువ్వు పోయిస్తావా?" అని ఆయన నా వైపు తిరిగారు. "నువ్వేమంటావమ్మా?"

"చిన్నది" అన్నాను, నేల చూస్తూ.

"గట్టిగా చెప్పు తల్లీ, ఇవి పెళ్లిచూపులు కావు."

"చిన్నదేనండీ. ఇంజనుకి మించిన నోరు పెడితే, మెల్లగా పోయేటప్పుడు గాలి పెట్రోలుని సరిగ్గా లాగదు. పుస్తకంలో చదివాను."

నాన్న నన్ను వేరే వాళ్ల అమ్మాయిని చూసినట్టు చూశారు.

చిన్నదే బిగించారు. ఇంజను వేడెక్కాక గాలి స్క్రూ నా చేతే తిప్పించారు. కొద్దికొద్దిగా తిప్పుతూ చెవి ఒగ్గి వినాలి. శబ్దం హుషారెక్కిన చోట ఆగి, రెండో స్క్రూతో వేగం తగ్గించుకోవాలి. నన్ను ఆ వీధిలోనే ఒక చుట్టు తిరిగి రమ్మన్నారు కూడా. మొదటి గేరులో వెళ్లి, రెండో గేరులో నవ్వుతూ వచ్చాను.

ఇంటికొచ్చిన మర్నాటి నుంచి బండి మొండికేసింది. కిక్కు కొడితే నల్లటి పొగ, రెండు దగ్గులు, ఆపైన మౌనం. ప్లగ్గు తీస్తే మసి. స్క్రూ ఎటు తిప్పినా అదే వరస.

"నీ చిన్న కార్బురేటరు ఇంతేనా? రేపు టిక్కీలు వస్తన్నయ్" అని నాన్న ట్రాక్టరు వేసుకుని కళ్లానికి వెళ్లిపోయారు.

వాకిట్లో నాయనమ్మ ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. కాయ ఎండే రోజుల్లో మా ఊళ్లో మనుషుల మూతులకీ, కిటికీలకీ, కూలర్లకీ తడిగుడ్డలు కడతారు. ఆమెను చూస్తూ చూస్తూ ఏదో తోచి, బండి పక్కమూత విప్పాను. గాలి పీల్చే గొట్టం మూతికి నాలుగు మడతల తడి చీరముక్క!

"నాయనమ్మా, ఇది నువ్వు కట్టావా?"

"నేను గాక ఇంకెవరు? ఈ ఘాటుకి మనకి పొలమారితే, దానికి పొలమారదా? మీ తాత ఉన్నప్పుడూ కట్టేదాన్ని."

"మరి తాతయ్య ఏమనేవాడు?"

"ఏమంటాడు? బండెక్కే ముందు విప్పి జేబులో పెట్టుకునేవాడు. దిగగానే మళ్లీ నేను కట్టేదాన్ని."

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వడిగావా? అడిగితే నోట్లో ముత్యాలేమన్నా రాలిపోతయ్యా?"

చీరముక్క విప్పి, ప్లగ్గు తుడిచి, స్క్రూను మళ్లీ మొదటి నుంచి తిప్పుకుంటూ వచ్చాను. గాలి ఆడేసరికి పొగ పలచబడింది. శబ్దం తేటపడింది. ఆరకుండా అలాగే పలుకుతూ ఉంది. నాయనమ్మ తాలుకాయల చేట పక్కన పెట్టి చప్పట్లు కొట్టింది.

మర్నాడు టిక్కీల ట్రాక్టరు గేటు దగ్గరికి వచ్చేసరికి నేను బండి మీద, షెడ్డు బయట గేటుకి అడ్డంగా ఉన్నాను. ఇంజను చప్పుడు మీదుగా వినపడాలంటే అరవక తప్పలేదు.

"నాన్నా, ఈ బండి నాకు కావాలి!"

నాన్న ట్రాక్టరు ఆపి, కాసేపు ఆ చప్పుడు విన్నారు.

"నాకు చెవుడు లేదు, అరవమాక. బండి గేటుకి అడ్డం తియ్యి, ట్రాక్టరు లోపలికి రావాల. పొలం దారిన ఒక చుట్టు తిరిగి రా, మిర్చి యార్డు రోడ్డు మాత్రం ఎక్కమాక, లారీలుంటయ్."