బల్ల చరిచిన చేయి

మా మేనమామ ఎంపీ. ఏ మాట నచ్చినా కుడి అరచేత్తో బల్ల చరిచేవాడు. లోక్‌సభలో అబ్బిన అలవాటు. ఇంట్లో పప్పు బాగా కుదిరినా కంచాలు ఎగిరిపడేవి.

ఒకసారి ఆయన్ను శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొస్తూ గగన్‌పహాడ్‌లో చాయ్‌కి ఆగాం. “భూముల బిల్లు పాసైంది!” అంటూ హోటల్ బల్ల చరిచాడు. పక్కనున్న ముసలాయన లేచి వచ్చాడు.

“సారూ, నా పొలం ఎయిర్‌పోర్టు కింద పోయింది. మాసొంటోళ్లకు ఆ బిల్లుల ఏమున్నది?”

మామ తల దించుకున్నాడు. “సదవలే కాకా. సభంత లొల్లి. ఒప్పుకునేటోళ్లు అవును అనుండ్రి అని స్పీకర్ సారు అన్నరు. అందరితోని నేను గూడ అనేసిన.”

ముసలాయన కాసేపు మామ చేతివైపే చూశాడు. “చాయ్ సల్లారుతది, తాగు సారూ” అని వెళ్లిపోయాడు.

మామ ఆ చేతిని ఒళ్లోకి లాక్కున్నాడు. చాయ్ ఎడమ చేత్తో తాగాడు.