మామ్మగారి చీరకు గంజి పెట్టిన కథ

ఇరవై రెండేళ్ళ వయసులో మనిషికి తెలియనిదంటూ ఏమీ ఉండదు. తెలియనివన్నీ ఆ తర్వాత మెల్లగా మొదలవుతాయి. తొంభైల నడిమి ఆ రోజుల్లో నేను గుడివాడలో పది నెలల శిశు సంరక్షణ కోర్సు పూర్తి చేసి, సర్టిఫికెట్టుని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, రోజూ పొద్దున్నే పాసింజరెక్కి బందరు వెళ్తుండేదాన్ని. అక్కడ రిటైరైన ఒక టీచరమ్మగారు తన డాబా ఇంటి ముందు గదుల్లో ఉద్యోగస్తుల పిల్లల కోసం క్రెష్ నడిపేవారు. (బోర్డు మీద క్రెష్ అనే ఉండేది. ఆ వీధివాళ్ళు మాత్రం ఏడుపుల బడి అనేవారు. రిక్షా అతనికి అలా చెబితేనే తెలిసేది.) అప్పట్లో నాకు రెండు గర్వాలు. ఒకటి ఆ సర్టిఫికెట్టు, రెండోది నా గంజి చీరలు. ఏ పిల్లాడైనా ఏడుస్తూ వచ్చి నా కుచ్చెళ్ళు పట్టుకుంటే, ముందు కుచ్చెళ్ళు సరిచేసుకుని తర్వాత పిల్లాణ్ణి చూసేదాన్ని.

కోర్టులో టైపిస్టుగా చేసే ఒకావిడ ఒక శనివారం తన ఏడాదిన్నర బుజ్జిగాణ్ణి మా దగ్గర చేర్పించారు. ఆవిడ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, సెలవులన్నీ అయిపోయాయి, భర్త పని మీద ఊళ్ళు తిరుగుతుంటారు. అప్పటిదాకా పిల్లాణ్ణి దివిసీమలో నాయనమ్మ పెంచారు. నాట్లు మొదలై, దానికితోడు గేదె ఈని, ఆవిడకి ఊపిరాడక కోడలికి అప్పగించారు. చేర్చిన రోజున ఆ మామ్మగారు కూడా వచ్చి, ఒక పాత ముతక నేతచీర నా చేతిలో పెట్టి, "ఉయ్యాల దీంతో కట్టమ్మాయ్, ఇంకోదాంట్లో పడుకోడు" అని చెప్పి బస్సుకి వెళ్ళిపోయారు. ఆ రోజు పిల్లాడు అందులో రెండు గంటలు హాయిగా నిద్రపోయాడు. అదంతా నా శిక్షణ గొప్పతనమనుకున్నాను. చీర వాసన మాత్రం నాకు మింగుడు పడలేదు. ఆముదం, పొయ్యి పొగ, గేదెల కుడితి, వీటన్నిటి మీద కాస్త చేపల పులుసు. మా కోర్సులో పరిశుభ్రత మీద ఒక పాఠం ఉంది, అందులో నాకు క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు. చీర ఇంటికి పట్టుకెళ్ళి, రాత్రంతా సబ్బునీళ్ళలో నానబెట్టి, ఆదివారం పొద్దున్నే ఆసుపత్రి వాసనొచ్చే మందులో జాడించాను. అక్కడితో ఆగితే బాగుండేది. గంజి కూడా పెట్టి ఇస్త్రీ చేయించాను.

సోమవారం నుంచి బుజ్జిగాడు ఏడుపుల బడి పేరు నిలబెట్టాడు. ఉయ్యాలలో వెయ్యగానే ఆ చీరని ముఖానికి రుద్దుకుని, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ రాగం అందుకునేవాడు. వాణ్ణి చూసి మిగతా తొమ్మిది మందీ. నేను నేర్చుకున్న పాటలన్నీ పాడాను, గిలకలన్నీ ఆడించాను, చివరికి పాఠ్యపుస్తకం తీసి నిద్ర అనే అధ్యాయం మళ్ళీ చదివాను. గురువారం నాడు టీచరమ్మగారు నన్ను పక్కకి పిలిచి, వచ్చే సోమవారం దాకా చూస్తాననీ, అప్పటికీ కుదురుకోకపోతే పిల్లాణ్ణి తీసుకెళ్ళిపొమ్మని తల్లికి చెప్పాల్సి వస్తుందనీ అన్నారు. ఆవిడది మాత్రం తప్పేముంది, తొమ్మిది మంది తల్లులకి ఆవిడే కదా జవాబు చెప్పాలి.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళకి టైపిస్టుగారు కోర్టు నుంచి పరుగు మీద వచ్చారు. పిల్లాణ్ణి ఎత్తుకుని, ఉయ్యాల అంచు ముక్కు దగ్గర పెట్టుకుని, "దీన్ని ఉతికారా అండీ" అనడిగారు. గంజి కూడా పెట్టానండీ అన్నాను, మెచ్చుకుంటారేమోనని. ఆవిడ అలాగే నేలమీద కూర్చుండిపోయారు. నన్ను ఒక్క మాటనలేదు. "అత్తయ్య వాసన లేదండీ దీంట్లో" అని మాత్రం అన్నారు. తర్వాత, రాజీనామా కాగితం కూడా తనే టైపు చేసుకోవాలేమో అని నవ్వబోయి, నవ్వలేకపోయారు. ఒక మనిషి ఉద్యోగాన్ని నేను సబ్బునీళ్ళలో నానబెట్టానని అప్పుడు అర్థమైంది. ఎలాగైనా సరే ఆ వాసన తిరిగి తెస్తానని ఆవిడకి మాటిచ్చేశాను. (వాసన ఎక్కడ అమ్ముతారో అప్పటికి నాకూ తెలియదు.)

ఆదివారం చీర సంచిలో పెట్టుకుని మామ్మగారి ఊరికని బందరులో అవనిగడ్డ బస్సెక్కాను. కుటుంబానికీ సంరక్షణ కేంద్రానికీ మధ్య సత్సంబంధాల గురించి కోర్సులో నేర్చుకున్న వాక్యాలన్నీ దారి పొడుగునా వల్లె వేసుకున్నాను. పులిగడ్డ వంతెన దాటేసరికి ఉపన్యాసం తయారైంది. తీరా వెళ్తే మామ్మగారు కొట్టంలో కుడితి కలుపుతున్నారు. మోచేతుల దాకా తవుడు. నన్ను చూడగానే మనవడికేమైందోనని ఆవిడ ముఖం పాలిపోయింది. ఆ ముఖం చూడగానే నా ఉపన్యాసం ఎగిరిపోయింది. జరిగిందంతా చెప్పేశాను.

ఆవిడ చేతులు కడుక్కుని, నా సంచిలోంచి చీర తీసి వాసన చూశారు. "ఎంతసేపు నానబెట్టావు" అనడిగారు. రాత్రంతా అన్నాను. "గంజి కూడానా" అన్నారు. తలూపాను. నా చీర వైపు ఒకసారి, చేతిలోని చీర వైపు ఒకసారి చూసి, "నాకు ఓపికున్న రోజుల్లో కూడా దానికి గంజి పెట్టలేదమ్మాయ్" అని నవ్వారు. ఆ నవ్వుతో నాకు ఏడుపొచ్చింది. ఆవిడ లోపలికెళ్ళి ఆ చీర కట్టుకొచ్చారు. అది ఫెళఫెళమంటుంటే కాళ్ళతో తన్నుకుంటూ మళ్ళీ కుడితి దగ్గరికి నడిచారు. పాలు పితికారు, తలకి ఆముదం రాసుకుని చేతులు కొంగుకి తుడుచుకున్నారు, పొయ్యి ముందు కూర్చుని నాకోసం చేపల పులుసు పెట్టారు. నేను పీట మీద కూర్చుని, ఒక వాసన తయారవడం సాయంత్రం దాకా చూశాను.

నాలుగింటి బస్సుకి బయల్దేరుతూ సంచి నోరు తెరిచి పట్టుకున్నాను. మామ్మగారు చీర విప్పి ఇచ్చారు గానీ సంచిలో పెట్టనివ్వలేదు.

"ఇది కట్టుకునెళ్ళి, రేపు కూడా ఇదే కట్టుకో. మూట కట్టి తీసికెళ్తే నా వాసనొకటే వస్తది. రేపట్నించీ ఎత్తుకునేది నువ్వు కదా, నీదీ కలవాలి."

బస్సులో నా పక్క సీటు బందరు దాకా ఖాళీగానే ఉంది. సోమవారం పాసింజర్లో రోజూ కలిసే గుమాస్తాగారు, ఏమ్మా, పాడి మొదలెట్టారా అని ఎంతో మర్యాదగా అడిగారు. టీచరమ్మగారు గుమ్మంలో ఆగి గాలి పీల్చి, కిటికీలు తెరిచారు. బుజ్జిగాడు మాత్రం నన్ను చూసి మామూలుగా గొంతు సవరించుకుని, ఎత్తుకోగానే భుజంలో ముక్కు దూర్చి, పెద్దగా ఒక నిట్టూర్పు విడిచి నిద్రపోయాడు. దించితే లేస్తాడేమోనని పన్నెండు దాకా గదిలో తిరుగుతూనే ఉన్నాను. వాడి చొంగ నా భుజమంతా కారింది. మధ్యాహ్నం వాళ్ళమ్మ వచ్చి కిటికీ అవతల నిలబడ్డారు. లోపలికి రాలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, చెయ్యూపి, మళ్ళీ కోర్టుకి వెళ్ళిపోయారు. నా సర్టిఫికెట్టు చేతికందిన రోజున కూడా నాకంత సంతోషం కలగలేదు.

ఇప్పుడు నాదే ఒక చిన్న క్రెష్ ఉంది. కొత్త పిల్లలు చేరినప్పుడు ఫారం కన్నా ముందు, ఇంట్లో పిల్లని ఎక్కువ ఎత్తుకునేవాళ్ళ చీర ఒకటి ఉతక్కుండా తెమ్మంటాను. అమ్మమ్మలు నన్ను అనుమానంగా చూస్తారు. మొదటి రెండు రోజులూ ఆ చీర నేనే కట్టుకుంటాను. ఊళ్ళో అందరి పాత చీరలూ కట్టుకుని తిరిగే టీచరుగా నాకు పేరొచ్చింది, దాన్ని పోగొట్టుకునే ఉద్దేశం నాకు లేదు. నా గంజి చీరలు బీరువాలో మడత నలగకుండా ఉన్నాయి. వాటిని ఎప్పుడైనా తీసి చూసుకుంటే, అవి కట్టుకుని, ఏడుస్తున్న పిల్లాణ్ణి చేతులు చాచి దూరంగా పట్టుకున్న ఆ ఇరవై రెండేళ్ళ అమ్మాయి గుర్తొస్తుంది. పాపం, ఆ పిల్ల దగ్గర అప్పట్లో సబ్బు వాసన తప్ప ఏమీ ఉండేది కాదు.