ఉస్తాద్ ఒప్పుకోని ఫిరంగి

పోయిన శుక్రవారం మధ్యాహ్నం అన్నం తింటుండగా జగిత్యాల నుంచి ఫోన్ వచ్చింది. "ఉస్తాద్ పోయిండన్నా. పొద్దుగాల చాయ్ తాగుకుంటనే ఒరిగిపోయిండు," అన్నాడు ఆయన అల్లుడు. ఇక్కడ అరబ్బు దేశంలో, జెబెల్ అలీలో, ఆయన్ని ఎరిగిన ఒకరిద్దరికి చెప్పాను. "పాపం, సౌమ్యుడు," అన్నారు. అబద్ధం. ఆయన మా అందరినీ చీదరించుకునేవాడు. ఆయన పట్ల నాకున్న కృతజ్ఞత ఆ చీదరింపుకే.

డేరా బజారులోని మా పాత యజమాని సేఠ్‌కీ ఫోన్ చేశాను. "కౌన్ ఉస్తాద్?" అన్నాడు. పన్నెండేళ్ళు తన దుకాణంలో చేసిన మనిషి గురించి.

పురాతన వస్తువుల దుకాణమని దానికి బోర్డు. అందులో నిజంగా పాతది ఉస్తాద్ ఒక్కడే. నిన్నగాక మొన్న పోతపోసిన కూజాలకు పచ్చటి చిలుము పట్టించి, సుల్తానుల కాలం నాటివని చీటీ కట్టేవాళ్ళు. ఆ చీటీలు రాసేది నేను. నెల్లూరులో చరిత్ర ఎం.ఏ. చదివి వచ్చి, అబద్ధాలకు మంచి దస్తూరీ అందించేవాణ్ణి. ఉస్తాద్ వెనక గదిలో సొట్టలు తీసి, అతుకులు వేసే కంచరి. ఏ వస్తువు వచ్చినా గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. తర్వాత నా చీటీ చదివి, "థూ" అనేవాడు. అంతకంటే పెద్ద విమర్శ ఎప్పుడూ చేయలేదు.

పక్క దుకాణంలో దీపాలు అమ్మే చైనా ఆవిడతో మాత్రం మర్యాదగా మాట్లాడేవాడు. ఆవిడ తండ్రి బడిలో చరిత్ర చెప్పేవాడట. ఆయన పుస్తకాలు ఆవిడ దగ్గరున్నాయి. ఇద్దరిదీ వచ్చీరాని హిందీయే. ఆవిడ వాటిలోని బొమ్మలూ అక్షరాలూ చూపించేది, ఈయన సుద్దముక్కతో ఆ అక్షరాలను తన పనిబల్ల మీద దిద్దేవాడు.

ఒకరోజు నన్ను పిలిచాడు.

"ఎం.ఏ., ఇటు రా. చైనోళ్ళు తొల్త తుపాకిని ఏమన్నరు?"

తెలియదన్నాను.

"చోంగ్. గొడ్డలికి కామ దూర్చే బొక్క పేరది. వాళ్ళ తుపాకికి ఎనుక గసొంటి బొక్కనే ఉంటది, కట్టె దూర్చి పట్టుకునేటందుకు. అంతకుముందు ఈటెకు గొట్టం కట్టి నిప్పు చిమ్మిండ్రు, దానికి నిప్పు ఈటె అని పేరు పెట్టిండ్రు. పావో అంటె మొదట్ల రాళ్ళు ఇసిరే యంత్రం. పక్కపొంటి రాయి గుర్తు ఏసి రాసెటోళ్ళు. మందుగుండు వచ్చినంక రాయి తీసి నిప్పు గుర్తు పెట్టిండ్రు. వస్తువు మారితె పేరు సుత దిద్దుకున్నరు. నువ్వేమో అన్నిటికీ సుల్తాన్ అని రాస్తవ్."

నేను నవ్వాను. సొట్టలు తీసేవాడు నాకు చరిత్ర చెప్పడమా అనుకున్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

మెట్రో కోసం డేరా వీధులన్నీ తవ్వుతున్న రోజుల్లో సేఠ్ ఒక కంచు గొట్టం తెప్పించాడు. మూరెడు పొడవు, మీద చైనా అక్షరాలు. ఆరువందల ఏళ్ళ నాటి చైనా ఫిరంగి అని రెండు పేజీల కాగితం రాయమన్నాడు. కొనబోయేది కల్బాలో ఉండే ఒక అరబ్బు పెద్దాయన. హెడ్మాస్టరుగా చేసి దిగిపోయాడు. ఊరి పిల్లలు చూడటానికి ఇంట్లో ఒక గది నిండా పాత వస్తువులు పేరుస్తున్నాడు.

నేను రాశాను. ఉస్తాద్ ఆ గొట్టాన్ని పక్క దుకాణానికి తీసుకెళ్ళి చదివించుకొచ్చాడు.

"దీని మీద ఆరువందల ఏండ్ల కిందటి రాజు పేరున్నది," అన్నాడు నాతో. "దాని కింద ఫోలాంగ్‌జీ అని చెక్కిండ్రు. అంటె ఏందో ఎరుకేనా? మన ఫిరంగే. పరంగోళ్ళు, గా తెల్లోళ్ళు, ఓడల మీద తెచ్చిన తోపుకు చైనోళ్ళు పెట్టిన పేరు. వాళ్ళు చైనాల అడుగుపెట్టింది ఈ రాజు సచ్చిన నూరేండ్లకు. పుట్టనోని పేరు ఎట్ల చెక్కిండ్రు? నిప్పు పెట్టే బెజ్జం సుత కరెంటు బర్మాతోటి కొట్టిండ్రు. కాగితం చింపెయ్."

"సేఠ్ ఊరుకోడు ఉస్తాద్," అన్నాను.

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. థూ అని కూడా అనలేదు.

మర్నాడు కల్బా పెద్దాయన వచ్చి నా కాగితం చదువుతున్నాడు. ఉస్తాద్ చేతి మసి కూడా తుడుచుకోకుండా ముందు గదిలోకి వచ్చాడు. "బాబా, యే ఝూట్ హై. బచ్చోంకో మత్ దిఖావ్," అన్నాడు, ఇది అబద్ధం, పిల్లలకు చూపించొద్దని. వచ్చిన హిందీలోనే రాజు పేరు, తోపు పేరు, బెజ్జం, అన్నీ వేలు పెట్టి చూపించాడు.

"ఖలాస్! అందర్ జావ్!" అని లోపలికి తరుముతూ అరిచాడు సేఠ్.

పెద్దాయన నా వైపు తిరిగి, ఈ కాగితం రాసింది నువ్వేనా, ఇందులో ఉన్నది నిజమేనా అని అడిగాడు. "సేఠ్ చెప్పింది రాశాను," అన్నాను.

"జీతానికి కుదిరినంక నీ నోట ఎల్లిన మొదటి నిజం గిది," అన్నాడు ఉస్తాద్ తెలుగులో.

పెద్దాయన కాగితం బల్ల మీద పెట్టి, ఉస్తాద్ మసిచేతిని రెండు చేతుల్లోకి తీసుకుని నొక్కి, బయటికి వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా సేఠ్ ఉస్తాద్ వీసా రద్దు చేయించాడు. ఆ గొట్టాన్ని ఎవరో పర్యాటకుడికి అమ్మేశాడు కూడా, నా కాగితంతో సహా. నేను అడ్డు చెప్పలేదు. ఇంకో నాలుగు నెలలు అక్కడే సుల్తానుల చీటీలు రాసి, అప్పుడు మానేశాను. ఇప్పుడు గోదాములో సరుకు వివరాలు రాసే పని. పెట్టె తెరిపించి చూడనిదే పేరు రాయను. ముదీర్‌కి అంటే మా మేనేజరుకి, అది చాదస్తం.

ఉస్తాద్ వెళ్ళే రోజు ఆయన రేకుపెట్టె మోసుకుని అబ్రా పడవల రేవుదాకా వెళ్ళాను. ఆవలి ఒడ్డున ఆయన ఊరివాళ్ళ గది ఉంది. క్షమించమని అడగాలనుకున్నాను.

"పెట్టె నిలువుగ పట్టకు, సామాన్లు వొంగుతయ్," అన్నాడు. అంతే.

పడవ కదిలింది. ఆయన చెయ్యి ఊపుతాడేమోనని నిలబడ్డాను. ఆయన ఒడ్డు వైపే చూడలేదు. అప్పటికే పడవ మధ్యలో ఇంజను మీదికి వంగి, ఇత్తడి అతుకు ఎంత దరిద్రంగా వేశారో పడవవాడికి చూపిస్తూ తిడుతున్నాడు. పడవవాడు నవ్వుతున్నాడు. ఎండలో నీళ్ళు కళ్ళు చెదిరేలా మెరుస్తున్నాయి. వాటి మధ్య, ఆవలి ఒడ్డు చేరేదాకా, ఆయన చూపుడువేలు ఆ అతుకు మీదే ఉంది.