ఎర్రకారుకి బయానా

పెద్దాయన మా పాప గుప్పిట్లో రూపాయి బిళ్ళ పెట్టి వేళ్ళు మూసినప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది.

ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే బస్సులో ఆయన మా పక్కన కూర్చున్నారు. ఏడేళ్ళ మావాడు నా ఫోన్లో కార్ల రేసు ఆడుతున్నాడు. అందులో ఒక ఎర్రకారుకి తాళం వేసి ఉంటుంది. డబ్బు కడితేనే తెరుచుకుంటుంది. అది కొనమని వారం నుంచి నా ప్రాణం తీస్తున్నాడు. బస్సులోనూ అదే గోల.

"దానికేం ఇస్తావు బాబూ?" అని ఆయన అడిగారు.

"డబ్బుల్లేవండి. కావాలంటే చెల్లిని ఇచ్చేస్తా," అన్నాడు మావాడు తలెత్తకుండా.

ముందు సీట్లో ఆవిడ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు. నా ఒళ్ళో ఉన్న పాపని పరీక్షగా చూసి, దాని చేతిలో ఆ రూపాయి పెట్టారు.

"ఏంటండీ ఇది?"

"బయానా అమ్మా. మా చేపల చెరువుల దగ్గర బేరం కుదిరితే ముందు ఇంత చేతిలో పెడతాం. కారు ఇచ్చిన రోజు వచ్చి పాపని తీసుకెళ్తాను."

"వాడేదో సరదాకి అన్నాడండీ. మీ రూపాయి మీరు తీసేసుకోండి."

"మాట అనేశాడు కదమ్మా," అని మెత్తగా చెప్పి, చుట్టూ నీళ్ళు తప్ప ఒక్క ఇల్లూ లేని కొల్లేరు గట్టు మీద బస్సాపించుకుని దిగిపోయారు.

బిళ్ళ పారేద్దామంటే పాప గుప్పిట విప్పలేదు. నిద్రలో కూడా.

ఆ రాత్రి ఆట తెరిచి చూశాను. తాళం అలాగే ఉంది. ఆట తీసేద్దామనుకున్నాను కానీ, తీసేస్తే తాళం తెరుచుకున్న సంగతి నాకెలా తెలుస్తుంది?

పొద్దున్నే పిల్లలిద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకుని మావాడికి చెప్పాను.

"ఆడుకో నాన్నా. కానీ ఆ ఎర్రకారు ఎప్పుడైనా తెరుచుకుంటే, ముందు చెల్లి చెయ్యి పట్టుకో. తర్వాత నన్ను పిలువు."