పద్నాలుగు గళ్ళ పట్టికా, గాలి చొక్కా

మనిషి మునగడానికి ఎన్ని నీళ్ళు కావాలి? చెంబెడు చాలంటారు పెద్దలు. నేను కొలిచి చెబుతున్నాను: నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. నా ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. తీసివేత చేసి చూడండి, ఏడంగుళాల మిగులు! ఆ ఏడంగుళాలను నమ్ముకుని, ముప్పయ్యేళ్ళ వయసులో, అత్తవారి ఊళ్ళో, పట్టపగలు నేను చేసిన ఘనకార్యం ఇది. ఇందులో ఎవరూ పోలేదని ముందే హామీ ఇస్తున్నాను. అయితే మధ్యలో కాసేపు ఆ సంగతి నాకు తెలియదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను రాజమండ్రిలో ఒక కాంట్రాక్టరుగారి దగ్గర స్టోర్సు చూసేవాణ్ణి. చదువు పదో తరగతితో ఆగింది గానీ లెక్కలు ఆగలేదు. కంగారు పుడితే కొందరు దేవుడి దండకం చదువుకుంటారు. నేను కాగితం మీద గళ్ళు గీసుకుంటాను. ఎన్ని గళ్ళుంటే అంత కంగారన్నమాట.

కాంట్రాక్టరుగారికి గోదావరి వంతెన స్తంభాలను నీళ్ళ అడుగున పరీక్షించే పని వచ్చింది. దిగేవాడు మా బావమరిది సూరిబాబు. విశాఖపట్నంలో డైవింగు నేర్చుకొచ్చాడు. నలుగురు ఆడపిల్లల తరవాత పుట్టిన ఒక్కగానొక్క మగపిల్లాడు. మా ఆవిడ వరలక్ష్మికి ప్రాణం. వాడికి కొత్త గాలి చొక్కా కావాలి. అంటే, వీపున గాలి సిలిండరు కట్టుకుని దిగేవాళ్ళు తొడుక్కునేది. మీట నొక్కితే ఉబ్బి మనిషిని తేలుస్తుంది, గాలి వదిలితే ముంచుతుంది. నమూనాలు రెండొచ్చాయి. ఒకటి జాకెట్టు రకం: గాలి పక్కలకీ, పొట్ట ముందుకీ కూడా చేరుతుంది. రెండోది వింగు రకం: గాలి తిత్తి మొత్తం వీపు వెనకే ఉంటుంది, రెక్కల్లాగా.

"ఏది కొనాలో సోమవారానికి రాసియ్యవయ్యా. లెక్కల్లో నీకు తిరుగు లేదుగా" అన్నారు కాంట్రాక్టరుగారు.

బావమరిది ప్రాణం నా కలం మీద పడింది. కంగారు కొద్దీ పద్నాలుగు గళ్ళు గీశాను. బరువు, పట్టే గాలి, జేబులు, పట్టీల కుట్టు, తడిశాక ఆరడానికి పట్టే సమయం... ఒక్కోదానికీ పదేసి మార్కులు. రెండు చొక్కాలనూ దండెం మీద ఆరేసి, గడియారం పట్టుకుని కూర్చున్నాను. చివరికి వింగుకి నూట పన్నెండు, జాకెట్టుకి నూట మూడు. శనివారం ఆకివీడు వైపున్న అత్తవారి ఊరు వెళ్ళి, భోజనాల దగ్గర పట్టిక చదివి వినిపించాను.

"అన్నీ బానే ఉన్నాయండి" అంది వరలక్ష్మి. "దీన్నేసుకుని మా తమ్ముడు గోదాట్లో దిగితే ఏం కాదని మీరు చెప్పగలరా?"

"నూట పన్నెండు మార్కులు వచ్చాయి వరలక్ష్మీ!"

"మార్కులు తేలతాయా ఏంటండీ నీళ్ళల్లో? అంత నమ్మకముంటే ముందు మీరు దిగండి. ఆనక వాడు దిగుతాడు."

సూరిబాబు ముద్ద మింగి, "అక్కా, బావగారికి ఈత రాదే!" అన్నాడు.

"ఈత రానోళ్ళని తేల్చకపోతే అదేం చొక్కారా?"

పాఠకులారా, ఈ ప్రశ్నకు జవాబుంటే చెప్పండి. ఇరవయ్యేళ్ళుగా వెతుకుతున్నాను.

మర్నాడు పొద్దున్నే పక్కింటి రాజుగారి చేపల చెరువు దగ్గర చేరాం. వెదురు గడకి గుర్తులు పెట్టి ఏడు చోట్ల లోతు కొలిచి, ఇందాక చెప్పిన అంకె తేల్చాను.

"మా చేపలకేం అవదు కదండీ?" అన్నారు రాజుగారు గట్టు మీద కుర్చీ వేయించుకుంటూ.

"చేపలకేం అవుతుందండీ! నాకేమవుతుందో చూడాలి."

"ఆయ్! చూద్దారండి."

ఇక నా తెలివి వినండి. సిలిండరు పద్నాలుగు కిలోలు, అది వీపున ఉంది. మనిషి నిలవాలంటే ముందు కూడా బరువుండాలి. కావడి చూడలేదా మనం? అందుకని జాలర్ల దగ్గర వలకి కట్టే సీసం గుళ్ళు పది కిలోలు తెచ్చి, యూరియా గోనెతో రెండు సంచులు కుట్టించి, పొట్ట ముందు వేలాడదీసుకున్నాను. పద్నాలుగుకి పది ఎలా సరిపోతుందంటారా? సంచులు కాస్త దూరంగా వేలాడతాయి కాబట్టి తక్కెడ సూత్రం. గట్టు మీద ఒంటికాలి మీద నిలబడి చూశాను. ఒరగలేదు!

సూరిబాబు ముఖం అదోలా పెట్టాడు. "బావగారూ, సీసం ముందుకొద్దండి. మేమైతే..."

"కావడి మోసేవాడు రెండు బుట్టలూ వెనకే కట్టుకుంటాడుట్రా?"

వాడు వంగి సంచుల తాడు బిగించాడు. అక్క మొగుడికి ఎదురు చెప్పడం ఆ ఇంట్లో లేదు. ఆ మర్యాదే నా కొంప ముంచింది.

"సైగలు వినండి" అన్నాను. "నేను చెయ్యెత్తితే బాగున్నట్టు."

"మా డైవింగులో చెయ్యి ఊపితే ప్రమాదమని గుర్తండి..."

"చెయ్యి నీళ్ళలోంచి పైకి తీస్తే మూడు కిలోల బరువు పెరుగుతుంది. అది కూడా మోసిందంటే చొక్కా నెగ్గినట్టే కదా! నువ్వు ఒడ్డునే ఉండు. నీ అలలకి కొలతలు చెడతాయి."

గాలి గొట్టం నోట కరచి, ముఖానికి అద్దం తగిలించుకుని, గుండెల లోతు దాకా నడిచాను. మీట నొక్కాను. తిత్తి బుస్సుమంటూ ఉబ్బింది. కాళ్ళు నేల వదిలాయి. ఆహా, తేలుతున్నాను!

తేలాను, నిజమే. బోర్లా తేలాను.

నీళ్ళకి కావడి సంగతి తెలియదండి. గట్టు మీద పద్నాలుగు కిలోలున్న సిలిండరు నీళ్ళలో రెండు కిలోలైంది. వెనక తిత్తి నా వీపుని పైకి ఎత్తింది. ముందు సీసం నా పొట్టని కిందికి లాగింది. పెనం మీద అట్టు తిరగేసినట్టు నన్ను తిరగేసి, అలాగే ఉంచేసింది. కాళ్ళు కిందికి దింపుదామంటే దిగవు. తల ఎత్తుదామంటే సిలిండరు కొస మెడ మీద టంగున కొట్టింది. నా ఏడంగుళాల మిగులు ఎటు పోయిందో తెలియదు. మిగులు నిలబడ్డవాడికే గానీ పడుకున్నవాడికి కాదన్న గడి నా పట్టికలో లేదు.

ఊపిరి ఆడుతోంది, అది నిజం. అదే ఇంకా నరకం, ఎందుకంటే లెక్క కూడా ఆడింది. సిలిండరులో గాలి మామూలు మనిషికి రెండు గంటలు. భయపడ్డ మనిషికి నలభై నిమిషాలు. భయపడి, ఎంత మిగిలిందో లెక్కపెట్టుకునే మనిషికి? ఆ గొట్టం పంటి కింద నుంచి జారితే ఒక్క నిమిషం. వరలక్ష్మికి ఇరవై నాలుగేళ్ళు. బీమా కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో ఆమెకి చెప్పలేదు.

అప్పుడొచ్చాయండి చేపలు. అక్కడి చెరువుల్లో తవుడు గోనెసంచుల్లో పోసి గడలకి వేలాడదీస్తారు, అదే వాటి మేత. నా పొట్ట కింద రెండు గోనెసంచులు వేలాడుతుంటే అవి వేరేగా ఏమనుకుంటాయి? ముందు ఒక బొచ్చె, దాని వెనక బంధువర్గం. సంచిని పొడిచి, సీసం తగిలి, కోపం కొద్దీ నా పొట్టని పొడిచాయి.

ఓర్చుకోలేక చెయ్యెత్తి ఊపాను.

గట్టు మీది మాటలు తరవాత తెలిశాయి. "చెయ్యెత్తారు! బాగుందన్నమాట" అని వరలక్ష్మి ఊపిరి పీల్చుకుందిట.

నేను రెండు చేతులూ ఎత్తాను.

"ఆరు కిలోలు!" అని రాజుగారు చప్పట్లు కొట్టారుట. "చేపలు ఎలా మూగాయో చూడండి. మీ ఆయన్ని రోజూ పంపండమ్మా, తవుడు కలిసొస్తుంది."

"అక్కా, నాకేదో తేడాగా ఉందే" అన్నాడుట సూరిబాబు.

"కదపకురా, లెక్క చూసుకుంటున్నారేమో" అని వరలక్ష్మి ఒక్క క్షణం పరకాయించి చూసి, ఉన్నపళంగా కేకేసిందిట. "ఒరే లాగరా! లెక్క చూసేటప్పుడు ఆయన కాళ్ళు కదపరు!"

సూరిబాబు దూకాడు. ఒక్క తాడు తెంపి సంచులు వదిలించాడు, నన్ను వెల్లకిలా తిప్పాడు, గాలి వదిలాడు. నిలబడ్డాను. నీళ్ళు నా మెడ దాకా కూడా లేవు.

"ఎంతసేపున్నానురా?" అన్నాను గొట్టం ఊసి. గంటన్నా అయ్యుంటుందని నా అంచనా.

"రెండున్నర నిమిషాలండి బావగారూ."

గట్టెక్కి కూలబడ్డాను. వరలక్ష్మి కొంగుతో నా తల తుడుస్తోంది. ఏడుస్తోందో నవ్వుతోందో చెప్పలేను, భుజాలు మాత్రం కదులుతున్నాయి. సూరిబాబు చెయ్యి పట్టుకున్నాను.

"నీ ప్రాణం మీదికి తెచ్చేవాణ్ణిరా. జాకెట్టు రకమే కొనమని రాస్తాను."

"బాబోయ్, వద్దండి! నాకు వింగే కావాలండి."

"ఏంటీ? నన్ను బోర్లా పడేసిన దాన్నా?"

"నా పనంతా బోర్లానే కదండీ. కిందికి చూస్తూ స్తంభం తడమాలి. ముందు గాలి ఉబ్బితే చేతులాడవు. సీసం వెనక్కి కట్టుకుని, పైకొచ్చాక కాస్త వెనక్కి వాలితే అది ఏమీ చెయ్యదండి. నేర్చుకున్న ఆర్నెల్లూ నేనేసుకుంది అదే."

"ఆర్నెల్లా! ఆ ముక్క మొదటి రోజే చెప్పొచ్చు కదరా?"

"మీరు అడగలేదండి. గళ్ళు గీస్తున్నప్పుడు బావగారిని పలకరించొద్దని అక్క చెప్పిందండి."

సోమవారం నాడు కాంట్రాక్టరుగారికి ఒకే వాక్యం రాసిచ్చాను: 'తొడుక్కునేవాడు వింగు అడుగుతున్నాడు.' ఆయన, "ఇంత చిన్నదా? ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు.

ఆ చెరువు గట్టున, తడి బట్టలతో, తూర్పుకి తిరిగి చేసిన ప్రమాణం ఇప్పటికీ తప్పలేదు: ఎవరి చొక్కా లెక్కైనా సరే, ముందు తొడుక్కునేవాణ్ణి అడిగి, ఆ తరవాతే గళ్ళు గీస్తాను. తొడుక్కునేది నేనే అయితే, వరలక్ష్మిని అడుగుతాను.