లూబీ గారి పిల్లికో ముక్క

మా రేవులో ఎవరి గాలానికి బారకుడా చేప పడినా, మొదటి ముక్క ఎజ్రా లూబీ గారి పిల్లికి వెళ్లాల్సిందే. ఇది చట్టం కాదు. చట్టమే అయితే మావాళ్లు ఎప్పుడో దాన్ని పక్కన పడేసి ఉండేవాళ్లు.

కారణం లేకపోలేదు. సముద్రంలో మా పగడపు దిబ్బ దగ్గర మేసే పెద్ద చేపల్లో కొన్నింటికి విషం ఎక్కుతుంది. దేనికి ఎక్కిందో చూస్తే తెలియదు, వాసనకి తెలియదు, గంటసేపు ఉడికించినా పోదు. తెలుసుకునే దారి లేదు కాబట్టి మాలో ప్రతివాడికీ సొంత శాస్త్రం ఒకటి ఉంది. చేప మీద ఈగ వాలితే తినొచ్చని నాతో గాలం వేసే కార్లైల్ అంటాడు. కూరలో వెండి చెంచా వేసి ఉడికిస్తే నల్లబడకూడదని మా చెల్లెలు వెర్లిన్ అంటుంది. ఆ చెంచా వెండిది కాదన్న సంగతి చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. ఈ రెండు శాస్త్రాల్లోనూ మంచి మార్కులతో నెగ్గిన చేప ఒకటి నన్ను వారం రోజులు మంచాన పడేసింది.

నేను లేచాక లూబీ గారు ఒక ప్రకటన చేశారు. తన ఇంట్లో పిల్లి ఉందట. పెద్ద చేప పడినప్పుడల్లా దానికో ముక్క పెడతారట. తెల్లారేదాకా అది బాగుంటే మేం వండుకోవచ్చట. తాతల కాలంలో అందరూ చేసిన పనే కదా అని సరేనన్నాం. అది పదకొండేళ్ల కిందటి మాట.

అప్పటినుంచీ ఆయన రోజూ జెట్టీకి వస్తున్నారు. పోస్టాఫీసులో ముద్రలు కొట్టి రిటైరైన మనిషి. గంజి పెట్టిన చొక్కా, మెరిసే బూట్లు, చేతిలో మడత కుర్చీ, మూతున్న గిన్నె, సొంత చాకు. గాలం మాత్రం పట్టరు. మేం సీసాలకు గాలపు దారం చుట్టుకుని, చేతులు కోసుకుంటూ ఎండలో నిలబడితే, ఆయన నీడలో కూర్చుని మా తప్పులు చెబుతారు. మా అదృష్టం కొద్దీ తప్పులకెప్పుడూ కొరత రాలేదు.

చేప పైకి రాగానే కుర్చీలోంచి లేస్తారు.

“పొట్ట దగ్గర కొయ్యి. తోక ముక్క మా పిల్లికి దిగదు.”

పొట్ట దగ్గరి ముక్క ఎంత కమ్మగా ఉంటుందో మా అందరికీ తెలుసు. పిల్లికీ తెలుసన్నమాట. పైగా దానికి నిమ్మకాయ కావాలి. ఒకసారి ఆయన వెర్లిన్ దగ్గర ఉల్లిపాయ అడిగి తీసుకోవడం కార్లైల్ కంటబడింది.

“పిల్లికి ఉల్లిపాయ ఎందుకన్నా?” అని అడిగాడు.

“పచ్చిది మింగడానికి అది నీలాంటిది కాదు. పద్ధతిగా పెరిగిన పిల్లి,” అన్నారు లూబీ గారు, గిన్నెకి మూత పెడుతూ.

ఆ పిల్లిని చూసినవాళ్లు లేరు. అరుపు విన్నవాళ్లు లేరు. దానికి రెండే కాళ్లున్నాయని, మీసాలు నెరిశాయని, ఆదివారాలు టోపీ పెట్టుకుని చర్చికి కూడా వస్తుందని ఊరంతా ఏకాభిప్రాయానికి వచ్చింది. పొద్దున్నే ఆయన కనబడితే, పిల్లి గారు కులాసాయేనా అని అడగడం మాకు దణ్ణం పెట్టడం లాంటిదైపోయింది. ఆయన మాత్రం నవ్వేవారు కాదు. “రాత్రి బాగా నిద్రపోయింది. వండుకోండి,” అనేవారు. ఆ మాట వినబడ్డాకే ఊళ్లో పొయ్యిలు వెలిగేవి.

మొదట్లో ఒకసారి ఆయనే వచ్చి చేప పారేయమన్నారు. ఆ తర్వాత రెండుసార్లు అదే మాట రొట్టెల కొట్టువాడితో కబురు పంపి, తాను పక్క దీవి బార్బుడాలో అక్కగారింటికి వెళ్తున్నానని చెప్పి పదేసి రోజులు కనబడలేదు. మేం పూడ్చిపెట్టిన చేపని తవ్వుకుపోయి అక్కడ తీరిగ్గా తింటున్నాడని కార్లైల్ తేల్చాడు. అనుమానం ఉంచుకోకూడదని గుంట తవ్వి చూశాడు. చేప అక్కడే ఉంది, మూడు రోజుల వయసుతో. కార్లైల్ రెండు పూటలు భోజనం ముట్టలేదు.

ఇలా ఉండగా వెర్లిన్ సొంతంగా భోజనశాల పెట్టుకుంది. పంతొమ్మిదేళ్లు హోటల్లో ఎవరెవరికో వండిపెట్టి, చివరికి రోడ్డు పక్కన ఒక రేకుల గది సంపాదించి పసుపు రంగు వేసుకుంది. ఆదివారం ప్రార్థన అయ్యాక నలభైమందిని భోజనానికి పిలిచింది. మొక్కజొన్న ముద్ద, చేప పులుసు. మొదటి రోజు విస్తరి బాగుండకపోతే మావాళ్లు రెండో రోజు ఆ వీధి మొహం చూడరు. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు, అందుకే వారం రోజులుగా మా అందరి మీదా అరుస్తోంది.

శుక్రవారం పొద్దున దేవుడు కరుణించాడు. నాకూ కార్లైల్‌కీ కలిపి అతని ఛాతీ దాకా వచ్చే బారకుడా పడింది. అరగంట పెనుగులాటలో దారం నా అరచేతుల్ని చీల్చింది. చేప చెక్కల మీద పడేసరికి లూబీ గారు గిన్నె మూత తీసి సిద్ధంగా ఉన్నారు. మామూలు కంటే పెద్ద ముక్క కోసుకున్నారు. పిల్లికి ఆకలెక్కువైందా అని కార్లైల్ అడిగాడు. నలభైమంది తినేది కదా, దాని బాధ్యత పెరిగిందన్నారు లూబీ గారు.

శనివారం ఎనిమిదయింది, ఆయన రాలేదు. తొమ్మిదయింది, పదయింది. మంచులో పెట్టిన చేపని మధ్యాహ్నంలోగా కోసి మసాలా పట్టించకపోతే ఆదివారానికి అందదు. కార్లైల్ మంచు పక్కకి తోసి ఈగల్ని లెక్కపెట్టాడు. పద్నాలుగు వాలాయట. పిల్లి కంటే ఈగలే నయం, ముక్క అడగవు అన్నాడు.

వెర్లిన్ కత్తి నూరుతూ తలెత్తకుండానే నాతో, “అన్నయ్యా, వెళ్లి ఆ పిల్లిని లేపి అడిగిరా. పన్నెండింటికి కోసేస్తాను, ఎవరేమన్నా సరే,” అంది.

దారిపొడవునా తిట్లు కూడబెట్టుకుంటూ వెళ్లాను. మంచివే దొరికాయి. ఒక్కటీ వాడుకోలేకపోయాను.

ఇంట్లో లూబీ గారు నేల మీద గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఒక బూటు తొడుక్కున్నారు, రెండోది చేతిలో ఉంది. చొక్కా నలిగిపోయింది. పదకొండేళ్లలో ఆయన చొక్కా నలగడం అదే మొదటిసారి.

“చెప్పడానికే బయల్దేరానురా టైటస్. కాళ్లు రావడం లేదు. ఆ చేప పారేయండి,” అన్నారు.

పిల్లి ఏదన్నాను. ఆయన బూటు వంక చూసుకున్నారు. మంచం కింద వెతికాను, వెనక వాకిట్లో వెతికాను. బల్ల మీద ఒక పళ్లెం, ఒక ఫోర్కు, పిండిన నిమ్మచెక్క, ఉల్లి పొట్టు. కుండలోంచి చల్లటి నీళ్లు ముంచి ఇచ్చాను. ఆయన గ్లాసు వదిలేశారు.

“కాలుతోందిరా.”

చల్లటి నీళ్లు కాలాయంటే ఏమిటో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. విషపు చేప తిని మంచాన పడ్డ ఆ వారం రోజులూ నాకూ కాలాయి.

“పదకొండేళ్లూ నువ్వేనా తిన్నది?” అన్నాను.

“పిల్లి ఉండేదిరా. అబద్ధం కాదు. ఒక్కసారి పెట్టాను. పాపం మూడు రోజులు నా మొహంలోకి చూస్తూ పడుకుంది. లేచాక పాస్టర్ గారింటికి మారిపోయింది. ఇప్పటికీ దారిలో కనబడితే మొహం తిప్పుకుంటుంది.”

“మాకు చెప్పొచ్చు కదన్నా.”

“చెప్తే తిననిస్తారా? మీకందరికీ పనులున్నాయి, పడుకుంటే కుదరదు. నాకేం పని?” అని కాసేపు ఊపిరి పీల్చుకుని, “పైగా విషం పోగయ్యేది పొట్ట దగ్గరే. మీకిస్తే పరీక్ష మాట మరిచి రుచికే తింటారు,” అన్నారు.

బార్బుడాలో ఆయనకి అక్క లేదట. రెండుసార్లూ తలుపేసుకుని ఇక్కడే పడుకున్నారట.

నేను నర్సుని తీసుకొచ్చి, ఆమెని అక్కడ వదిలి, పన్నెండింటికి పది నిమిషాలుండగా చేప దగ్గరికి చేరాను. విషయం విని వెర్లిన్ కత్తి కింద పెట్టింది. మాకు తెలిసి కార్లైల్ ఈగల గురించి మాట్లాడిన చివరి రోజు అదే. చేపని పూడ్చాడు, ఇంటికెళ్లి తన మేకని తోలుకొచ్చాడు. ఆదివారం నలభైమందీ మేక పులుసు తిని, మళ్లీ ఎప్పుడు పెడతావని అడిగి వెళ్లారు. వెర్లిన్ ఒక గిన్నె పక్కన తీసి లూబీ గారికి పంపింది. మేక మెత్తగా ఉడకలేదని తిరిగి కబురొచ్చింది. దాంతో ఆయన బతుకుతారని మాకు నమ్మకం కుదిరింది.

ఆరు నెలలు చేప వాసన కూడా చూడొద్దని నర్సు లూబీ గారికి గట్టిగా చెప్పింది. జెట్టీ మీద గిన్నె పట్టుకునేవాళ్లు లేకుండా పోయారు.

మూడు వారాల తర్వాత కార్లైల్‌కి మళ్లీ బారకుడా పడింది. మొన్నటిదానిలో సగం ఉంటుంది. అందరం దాని చుట్టూ నిలబడ్డాం. ముందు వెర్లిన్ గిన్నె చాపి, ఈ మధ్యే ఒక పిల్లిని తెచ్చుకున్నానని చెప్పింది. పొట్ట దగ్గర కొయ్యమంది. రొట్టెల కొట్టువాడు తమ ఇంట్లోనూ ఒకటుందన్నాడు. పాస్టర్ గారు దగ్గి, తమ దగ్గర నిజంగానే ఉందన్నారు. నేనూ ఒకటి పెంచుతున్నానని ఒప్పుకున్నాను. చేప పట్టిన కార్లైల్ కూడా తన పిల్లి వాటా తాను కోసుకున్నాడు. మొత్తం పదకొండు పిల్లులు.

మర్నాడు పొద్దున లూబీ గారు గంజి చొక్కాతో, చేతికర్రతో మెల్లగా వచ్చారు. మేం వరసగా నిలబడ్డాం. పిల్లులన్నీ రాత్రి బాగా నిద్రపోయాయని కార్లైల్ అందరి తరఫునా విన్నవించాడు.

లూబీ గారు మంచు పెట్టెలోకి తొంగి చూశారు. అందులో తల, తోక, మధ్యలో శుభ్రమైన ముల్లు ఉన్నాయి. చాలాసేపు చూసి, కుర్చీ విప్పుకుని కూర్చున్నారు.

“చేప మంచిదే. ఇక వండుకోవడానికి ఒకటి పట్టండి.”